చిన్నపిల్లల మొదటి స్కీయింగ్ ప్రయాణం: ముందుగా ఏమేం సిద్ధం చేసుకోవాలి?

ప్రశ్న (బరంపురం నుంచి ఒక తల్లి):

మా ఎనిమిదేళ్ల అమ్మాయిని, ఐదేళ్ల అబ్బాయిని ఈ శీతాకాలం కాశ్మీరులోని గుల్‌మార్గ్ తీసుకువెళ్లి స్కీయింగ్ నేర్పించాలని మావారూ నేనూ అనుకుంటున్నాము. గోపాల్‌పూర్ సముద్రపు గాలికి అలవాటు పడిన ఈ పిల్లలు ఇంతవరకు చూసిన చలి దారింగిబాడిలోని తెల్లవారుజామే. మా అత్తగారు అప్పుడే ఒక్కొక్కరికి రెండేసి స్వెటర్లు, మంకీ క్యాపులు పెట్టెలో సర్దేశారు. అవి సరిపోతాయా? క్రిస్మస్ సెలవుల్లో వెళ్లవచ్చా? ఐదేళ్లవాడికి ఇది తొందరపాటు అవుతుందా? ఇంటి దగ్గరే చేయించదగిన సాధన ఏదైనా ఉంటే దయచేసి తెలియజేయగలరు.

జవాబు 1 (జయపురం నుంచి):

అమ్మా, ఉద్యోగరీత్యా కొంతకాలం శ్రీనగర్‌లో ఉన్నవాడిని కనుక ముందు కాలం సంగతి చెబుతాను. డిసెంబరు 21న మొదలై నలభై రోజులు సాగే గడ్డు చలిని కాశ్మీరీలు చిల్లై కలాన్ అంటారు. క్రిస్మస్ నాటికి స్కీయింగుకు చాలినంత మంచు పడుతుందన్న భరోసా లేదు. జనవరిలో మంచు బాగానే ఉన్నా చిన్నపిల్లలకు ఆ చలి ఎక్కువ. బడికి నాలుగు రోజులు సెలవు పెట్టించడానికి మీకు అభ్యంతరం లేకపోతే ఫిబ్రవరి మొదటి పక్షం మేలని నా అభిప్రాయం.

బట్టల విషయంలో మీ అత్తగారి స్వెటర్లను వద్దనను, కానీ వాటిని మధ్య పొరగానే వాడండి. ఒంటికి ఆనుకుని ఉండేది నూలు బనియను కాకూడదు, ఎందుకంటే నూలు చెమటను పీల్చుకుని తడిగానే ఉండిపోతుంది, ఆట ఆగిన మరుక్షణం ఆ తడే పిల్లను వణికిస్తుంది. లోపల ఉన్ని లేదా సింథటిక్ థర్మల్, దానిపైన స్వెటరు, అన్నిటికీ పైన నీరు లోపలికి దిగని జాకెట్టు, ప్యాంటు ఉండాలి. మేజోళ్లు ఒక్క జతే, మోకాళ్ల దాకా వచ్చే పలచని ఉన్నివి. రెండు జతలు తొడిగితే బూటు బిగిసి రక్తప్రసరణ తగ్గి కాళ్లు మరింత చల్లబడతాయి. ఐదు వేళ్లు విడివిడిగా ఉండే గ్లవ్స్ కంటే నాలుగు వేళ్లూ ఒకేచోట ఉండేవి వెచ్చగా ఉంటాయి, పసివాళ్లకు తొడగడమూ తేలిక. మంకీ క్యాపు రైల్లో పనికివస్తుంది గాని హెల్మెట్ కింద మందంగా ముడతలు పడి హెల్మెట్‌ను సరిగా కూర్చోనివ్వదు. పొడవాటి మఫ్లరు అసలే వద్దు, ఎక్కడైనా చిక్కుకుంటే ప్రమాదం.

జవాబు 2 (పర్లాకిమిడి నుంచి, పిల్లల వైద్యురాలు):

గుల్‌మార్గ్ సుమారు 2,650 మీటర్ల ఎత్తున ఉంది. మన ఒడిశాలో అన్నిటికన్నా ఎత్తైన దేవమాలి కొండే 1,672 మీటర్లు. సముద్రమట్టం నుంచి వచ్చే పిల్లలను ఒక రాత్రి శ్రీనగర్‌లో ఉంచి, గుల్‌మార్గ్ చేరిన రోజున స్కీల (మంచుపై జారడానికి బూట్లకు బిగించే పొడవాటి పలకల) జోలికి పోకుండా విశ్రాంతి ఇవ్వండి. తలనొప్పి, వాంతులు, ఆకలి మందగించడం, అకారణమైన చిరాకు కనిపిస్తే ప్రయాణపు బడలికలే అని సరిపెట్టుకోవద్దు. లక్షణాలు పెరుగుతుంటే ఇంకా పైకి తీసుకువెళ్లడం కాదు, కిందికి దింపాలి. అక్కడి గొండోలా (తీగలపై నడిచే కేబుల్ కారు) రెండో దశ సుమారు 3,950 మీటర్లకు చేరుస్తుంది, ఆ సరదాను ఈసారికి వదిలేయండి. దాహం వేయకపోయినా పిల్లల చేత గోరువెచ్చని నీరు తరచూ తాగించండి.

చలికి భయపడినంతగా మనవాళ్లు ఎండకు భయపడరు. తాజా మంచు అతినీలలోహిత కిరణాలను 80 శాతం దాకా తిప్పికొడుతుంది కాబట్టి మబ్బు పట్టిన రోజున కూడా గాగుల్స్ తీయనివ్వకండి. సన్‌స్క్రీన్‌ను ముక్కు కింద, గడ్డం కింద కూడా రాయండి, వెలుగు అక్కడ కింది నుంచి కూడా వస్తుంది.

జవాబు 3 (రాయగడ నుంచి):

ఐదేళ్లు తక్కువ వయసేమీ కాదు, నాలుగేళ్ల పిల్లలకు కూడా నేర్పుతారు. అయితే తరగతి పూటకు మించకూడదు, మీరు కాకుండా శిక్షకుడే నేర్పాలి. అమ్మ పక్కనుంటే ఏడుపుకు బలం వస్తుంది. ఇంట్లో రోలర్ స్కేట్లు ఉంటే మంచిదే, లేకపోయినా ఒంటికాలిపై నిలబడడం, గుంజీలు తీయడం, పక్కకు వాలి పడి లేవడం ఆటగా చేయించండి. కాలి వేళ్లు లోపలికి, మడమలు బయటికి పెట్టి నిలబడడం ఇప్పుడే అలవాటైతే, స్కీల ముందు కొనలు దగ్గర చేసి వేగం తగ్గించడం అక్కడ త్వరగా పట్టుబడుతుంది. బట్టలన్నీ తొడుక్కుని విప్పుకోవడం కూడా సాధన చేయించాలి, ఎందుకంటే అన్ని పొరలూ వేశాక మరుగుదొడ్డి గుర్తుకు రావడం పిల్లల సహజ లక్షణం.

జయపురం పెద్దాయన చెప్పిన బట్టలు కొనండి గాని స్కీలు, బూట్లు అక్కడ అద్దెకే తీసుకోండి. స్కీ నిలబెడితే పిల్ల ఛాతీకి, గడ్డానికి మధ్యకు రావాలి. పడినప్పుడు బూటు నుంచి స్కీ విడిపోయే బిగింపును పిల్లల బరువు, ఎత్తు చెప్పి మీ ఎదుటే సరిచేయించండి. చేతికర్రలు మొదట్లో అవసరం లేదు.

ప్రశ్న అడిగిన తల్లి:

అందరికీ ధన్యవాదాలు. ఫిబ్రవరికే మార్చుకుంటున్నాము. హెల్మెట్ కూడా అద్దెకు తీసుకోవచ్చా?

జవాబు 3 (రాయగడ నుంచి):

తీసుకోవచ్చు, కాని చిన్న సైజులు దొరుకుతాయో లేదో బయలుదేరే ముందే శిక్షకుణ్ణి ఫోనులో అడగండి. దొరకకపోతే ఇక్కడే పిల్లల తల కొలిపించి స్కీ హెల్మెట్ కొనండి. సైకిల్ హెల్మెట్ దానికి బదులు కాదు.