పిల్లి చెవి నలుపు, ఓ హిస్టోన్ సందేహం: కాస్త సాయం చేయండి

విశాఖలో ఎమ్మెస్సీ జువాలజీ చదువుతున్నాను. వచ్చే వారం జన్యు వ్యక్తీకరణ నియంత్రణ మీద సెమినార్ ఇవ్వాలి, టెన్షన్‌గా ఉంది.

ఉదాహరణగా పెదవాల్తేరులో మా మేడ మీదికి కానాగంత చేపల తలకాయల కోసం వచ్చే పిల్లిని తీసుకున్నాను. ఒక చెవి నల్లగా, ఇంకోటి నారింజ రంగులో, పొట్ట తెల్లగా ఉంటుంది. తెలుపు వేరే జన్యువు పని, వదిలేద్దాం. నలుపో నారింజో తేల్చే జన్యువు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుంది. ఆడపిల్లికి ఎక్స్‌లు రెండు (దీనికి ఒకదాని మీద నలుపు రకం, ఇంకోదాని మీద నారింజ రకం) కాబట్టి, పిండంగా ఉన్నప్పుడే ఒక్కో కణం ఏదో ఒకదాన్ని మూసేస్తుంది. 1961లో జన్యుశాస్త్రవేత్త మేరీ లయన్ చెప్పింది ఇదే. మూతపడే ఎక్స్ నుంచే ఎక్సిస్ట్ అనే ఆర్‌ఎన్‌ఏ పుట్టి దాన్నే కప్పేస్తుంది. తర్వాత హిస్టోన్ గుర్తులు (డీఎన్‌ఏ చుట్టుకునే ప్రొటీన్ల మీది రసాయన గుర్తులు), డీఎన్‌ఏ మిథైలేషన్ (డీఎన్‌ఏ మీదే పడే మిథైల్ గుర్తులు) తోడవుతాయి. ఇంతవరకూ బాగానే ఉంది.

నేను ఇరుక్కున్నది ఆ తర్వాతే. కణం విడిపోయినా పిల్ల కణాలు అదే ఎక్స్‌ను మూసి ఉంచుతాయి, లేకపోతే చెవి మీద అంత పెద్ద నల్ల మచ్చ రాదు. మిథైలేషన్ అర్థమైంది: పాత పోగు మీది గుర్తు చూసి డీఎన్‌ఎంటీ1 ఎంజైము కొత్త పోగు మీదా పెడుతుంది. మరి హిస్టోన్లు? డీఎన్‌ఏ నకలయ్యేటప్పుడు పాతవి రెండు ప్రతులకూ పంచుకుపోతే, ఖాళీల్లో గుర్తుల్లేని కొత్తవి చేరతాయి కదా. పక్కనున్న పాత గుర్తును చూసి పీఆర్‌సీ2 అనే ప్రొటీన్ల గుంపు కొత్తవాటికీ పెడుతుందని మా సీనియర్ అన్నాడు. అలాగైతే అదే ఎక్స్ మీద మూతపడకుండా తప్పించుకునే జన్యువుల దాకా ఆ గుర్తు ఎందుకు పాకదు? ఆపేదేంటి?

తెలిసినవాళ్లు వివరించగలరా? చేత్తో గీసిన బొమ్మ పెట్టినా చాలు. మా మేడమ్ మొదట అడిగేది ఇదే.