ఉప్పుటేరులో ఆల్చిప్పలు బతుకుతాయా? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి

కోరంగి_కుర్రాడు: మా ఊరి ఏట్లో తాళ్లకు ఆల్చిప్పలు కట్టి పెంచుదామనుకుంటున్నా. ఉప్పు ఎంతుండాలి, పిల్లలు ఎక్కడ దొరుకుతాయి, ముత్యాలు కూడా వస్తాయా?

మొగదారి: ఉప్పు సంగతి నన్నడుగు తమ్ముడూ. 2022 జులై గోదావరి వరదకి మా ఏరంతా రోజుల తరబడి మంచినీళ్లే. చిప్ప మూసుకుని కొన్నాళ్లు ఓర్చుకుంటుంది, అంతకు మించి దాని వల్ల కాదు. తాళ్లు పైకి లాగితే అన్నీ నోళ్లు తెరిచి ఒకటే కంపు. రోజూ పోటునీరు వచ్చే చోటు చూసుకో.

వైజాగ్_సాగరం: పిల్లల్ని కొనక్కర్లేదు. గుడ్డులోంచి వచ్చింది రెండు మూడు వారాలు నీళ్లలో తిరిగి, గట్టి వస్తువు దొరికితే అతుక్కుపోతుంది, ఇక జన్మంతా అక్కడే. పాత చిప్పలు తాడుకు గుచ్చి సరైన కాలంలో వేలాడదీయండి. బురదలో కూరుకుపోతే చస్తుంది.

జగన్నాథపురం: బురదలో చస్తుందా? కాకినాడ అఖాతంలో బురద మీదే పరుచుకుని ఉండేవి, పల్చటి అద్దం చిప్పలు. మా తాతలు బట్టీల్లో సున్నం కాల్చింది వాటితోనే. చూడకుండా మాట్లాడకండి.

వైజాగ్_సాగరం: చూడకుండానా! ఎమ్మెస్సీ మెరైన్ బయాలజీ చేసి ఏళ్ల తరబడి పడవల్లో తిరిగాను. మీరు చెప్పేది ప్లాకునా అనే రకం, దేనికీ అతుక్కోదు, కుటుంబమే వేరు. తాడు మీద పెంచేది క్రాసోస్ట్రియా మద్రాసెన్సిస్.

జగన్నాథపురం: పేర్లు మీవి, సముద్రం మాది.

మేరీలాండ్_తెలుగు: ఇక్కడ అమెరికాలో, చెసాపీక్ బే అనే అఖాతంలో పెద్ద ఆల్చిప్ప ఒక్కటే రోజుకు 190 లీటర్ల దాకా నీళ్లు వడగడుతుందంటారు. మన ఓడరేవు కాలవల్లో వేస్తే నీళ్లూ శుభ్రం, తిండీ దొరుకుతుంది.

మొగదారి: తిండా? వడగట్టిన మురికిలో కొంత బయటికి కక్కుతుంది, కానీ క్రిములూ కాడ్మియం లాంటి లోహాలూ కండలోనే ఉండిపోతాయి. శుభ్రమైన ఉప్పునీళ్లలో ఒకటి రెండు రోజులు ఉంచితే బాక్టీరియా తగ్గుతుంది, లోహాలు పోవు. పిల్లలు తింటారండీ ఇవి!

మేరీలాండ్_తెలుగు: కోపం దేనికి, సరే, తినొద్దు. ఇక్కడా కొన్ని చోట్ల వేసి వదిలేస్తారు, ఎవరూ తియ్యకూడదు.

స్వాతికార్తె: ముత్యం సంగతి ఎవరూ చెప్పరేం? స్వాతి చినుకు పడాలి కదా.

వైజాగ్_సాగరం: చినుకుతో పని లేదండీ. లోపలికి చొరబడినదాని చుట్టూ పొర మీద పొర కడుతుంది. ఆ మెరుపు తూత్తుకుడి వైపు దొరికే పింక్టాడా అనే ముత్యపు చిప్పది, ఈ తినేదాంట్లో రాదు.

కోరంగి_కుర్రాడు: సరే, పెంచితే కొనేదెవరు?

మొగదారి: అసలు చిక్కు అదే. కేరళలో అష్టముడి వైపు తింటారు, పెంచుతారు. మన వైపు రొయ్య కొనే వ్యాపారి దీన్ని ముట్టడు. ముందు కొనేవాణ్ణి మాట్లాడుకో, తర్వాత తాళ్లు కట్టు.