మావయ్య కొత్త బండి స్టాండు ఐదో వారానికే పగిలింది, ఏం చెయ్యాలి?

సింధియా మేనల్లుడు:
మా మావయ్యకి 68 ఏళ్ళు. షిప్‌యార్డులో వెల్డరుగా చేసి రిటైరయ్యాడు. మా ఇంటి గేటు చూసి "ఇది అతుకా, పిట్ట రెట్టా?" అని మా నాన్నని పదేళ్ళు ఏడిపించిన మనిషి. అలాంటాయన ఎవరికీ చెప్పకుండా గాజువాక వెళ్ళి 52,000 పెట్టి ఎలక్ట్రిక్ స్కూటర్ తెచ్చుకున్నాడు. లైసెన్సు, రిజిస్ట్రేషన్ ఏవీ అక్కర్లేదన్నారట.

ఐదో వారానికే సెంటర్ స్టాండు అతికించిన చోట పగిలింది. నేల మీద పడుకుని టార్చి వేసి చూశాను. పగులు పొడవునా తుప్పు, అతుకు నిండా సూదితో పొడిచినట్టు కన్నాలు. పైన నల్ల పెయింటు కొట్టేశారు. మా సముద్రపు గాలికి మంచి ఇనుమే ఆగదు, ఇదేం ఆగుతుంది? "చూడు మావయ్యా" అంటే వంగి చూసి, "బాగానే ఉందిగా, ఏటయింది?" అన్నాడు. నాకు మతి పోయింది.

అత్తయ్యని ఎక్కించుకుని యారాడ కొండ ఎక్కబోతే సగంలో మొరాయించింది. షాపువాడేమో "స్పీడ్ లాక్ వైరు తీసేస్తా, 45 వస్తుంది" అంటున్నాడు. తీయించొచ్చా?

పాత స్పానరు:
ఆ వైరు ముట్టుకోనివ్వకండి. మోటారు 250 వాట్ల లోపు, వేగం 25 లోపు ఉంటేనే లైసెన్సు అక్కర్లేదు. లాక్ తీస్తే అది మామూలు మోటారు బండి లెక్కే. రేపు ఎవరికైనా తగిలితే ఇన్సూరెన్సు కూడా ఉండదు.

కొండ సంగతంటారా, బండీ ఇద్దరు మనుషులూ కలిపి 230 కిలోలనుకోండి. 250 వాట్లు ఆ బరువుని సెకనుకి 11 సెంటీమీటర్లే పైకి లేపగలవు, అదీ ఒక్క వాటు వృథా కాకపోతే. పదడుగులకి అడుగు లేచే వాలు మీద గంటకి 4 కిలోమీటర్లు. అత్తయ్యగారు నడిచి వెళ్ళినా బండికన్నా ముందే చేరతారు.

ఫ్రిజ్ బాధితుడు:
బయట వెల్డింగ్ చేయించకముందే పగులు పక్కన స్కేలు పెట్టి ఫోటోలు తియ్యండి. నేను ముందే రిపేరు చేయించి సాక్ష్యం పోగొట్టుకున్నాను. షాపుకి కాగితం మీద రాసిచ్చి స్టాంపు వేయించుకోండి. పలక్కపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చెయ్యండి. జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్ళడానికి రెండేళ్ళు టైముంది, 5 లక్షల లోపు కొన్నవాటికి ఫీజు లేదు.

మల్కాపురం కోడలు:
అసలు లైసెన్సు అక్కర్లేని బండే ఎందుకు కొన్నారో అడిగారా? నలభై దాటితే రెన్యువల్‌కి డాక్టరు సర్టిఫికెట్ కావాలి. మా మావగారు అది తెలిసి ఆర్నెల్లు ఆర్టీఓ ఆఫీసు వైపే వెళ్ళలేదు.

సింధియా మేనల్లుడు:
మీ మాట పట్టుకుని అత్తయ్యని అడిగాను. లైసెన్సు అయిపోయి ఏడాదిన్నరట. కుడి కంట్లో శుక్లం ముదిరింది, ఆపరేషన్ చెయ్యాలని డాక్టరు రాసిన చీటీ బీరువాలో చీరల కింద దొరికింది. అంటే ఆ రోజు ఆయనకి పగులు కనపడనే లేదు.

వైరు తీయించడం లేదు. షాపులో కాగితం ఇచ్చి స్టాంపు వేయించుకున్నాం. సోమవారం కంటాసుపత్రికి. "బండి మీద పోదాంరా" అంటున్నాడు, నేను ఆటో మాట్లాడేశాను. వాళ్ళు బండి మార్చకపోతే స్టాండు మాత్రం ఎవరి చేతా ముట్టనివ్వడట. కన్ను బాగయ్యాక తనే అతుకుతాడట.