ఇంధన ధరలు: మార్కెట్‌కు వదలాలా, పన్ను వేయాలా, సబ్సిడీ ఇవ్వాలా?

బాటసారి:
ప్రశ్న పాతదే, ఇప్పటికీ తెగలేదు. పెట్రోలు, డీజిల్ విషయంలో ప్రభుత్వం ముందు మూడు దారులున్నాయి. ధరను మార్కెట్‌కు వదిలేయొచ్చు. పైన పన్ను వేసి వాడకాన్ని తగ్గించొచ్చు. లేదా ఖజానా నుంచి డబ్బు పోసి చౌకగా అమ్మించొచ్చు. నా ఓటు మొదటిదానికే. ప్రభుత్వం ధర పట్టుకుని కూర్చుంటే ఏమవుతుందో హంగరీ చూపించింది.

2021 నవంబరులో అక్కడ లీటరు 480 ఫోరింట్లు దాటకూడదని పరిమితి పెట్టారు. మరుసటి ఏడాది ఉక్రెయిన్ యుద్ధం వచ్చి క్రూడ్ (ముడి చమురు) ధర భగ్గుమంది. పక్క దేశాల వాళ్లు సరిహద్దు దాటొచ్చి ట్యాంకులు నింపుకుపోవడం మొదలుపెట్టారు. 2022 మేలో, విదేశీ నంబరు ప్లేటు ఉన్న బండికి ఈ ధర వర్తించదన్నారు. దాంతోనూ ఆగలేదు. నష్టానికి దిగుమతి చేసి అమ్మే వ్యాపారి ఎవడుంటాడు? డిసెంబరుకల్లా చాలా బంకుల్లో స్టాకు అయిపోయింది. 6వ తేదీన పరిమితి ఎత్తేశారు. అమెరికాలో కూడా 1971లో అధ్యక్షుడు నిక్సన్ పెట్టిన ధరల నియంత్రణ మిగతా సరుకుల మీద పోయినా చమురు మీద 1981 జనవరిలో రీగన్ తీసేసేదాకా ఏదో ఒక రూపంలో సాగింది. మధ్యలో బంకుల దగ్గర ఆ బండ్ల బారులు అందరికీ తెలిసినవే.

చేదునిజం:
బారుల సంగతి చెప్పారు, మరి శవాల సంగతి?

1989 ఫిబ్రవరి, వెనిజువెలా. పెట్రోలు ధర పెంచారు, దాంతో బస్సు చార్జీలు పెరిగాయి. కారకాస్‌లో అల్లర్లు, కాల్పులు, వందల మంది చనిపోయారు. 1998లో ఇండోనేషియాలో మే 4న ధర పెంచారు, మే 21న అధ్యక్షుడు సుహార్తో దిగిపోయాడు (కరెన్సీ సంక్షోభం అప్పటికే ఉంది, కాదనను). 2019 అక్టోబరులో ఈక్వడార్ ప్రభుత్వం సబ్సిడీ తీసేసి, ఆందోళనలకు తట్టుకోలేక రెండు వారాలకే వెనక్కు తగ్గింది. 2022 జనవరిలో కజకిస్తాన్ మీరు చెప్పిన పనే చేసింది, బళ్లలో వాడే గ్యాస్ (ఎల్పీజీ) ధరను మార్కెట్‌కు వదిలింది. జనావోజెన్ పట్టణంలో ఒక్కసారిగా రెట్టింపై 120 టెంగేలయింది. అక్కడ మొదలైన నిరసన దేశమంతా పాకి 200 మందికి పైగా చనిపోయారు. ప్రభుత్వం మళ్లీ పాత ధరల నియంత్రణకే వచ్చింది.

పుస్తకంలో రాసుకోవడానికి మార్కెట్ బాగానే ఉంటుంది.

పద్దుపుస్తకం:
మీ ఇద్దరూ చెప్పినవి నిజాలే. కానీ వాదన ధర మీద జరుగుతోంది. నా దృష్టిలో అసలు గొడవ ధరది కాదు, వరుసది. ఏది ముందు, ఏది తర్వాత అన్నదే ఈ దేశాలన్నిటినీ ముంచిందీ, తేల్చిందీ.

ముందు సబ్సిడీ సంగతి చూద్దాం. లీటరుకు ఇంత అని ఇచ్చే సాయం ఎక్కువ లీటర్లు కొనేవాడికే ఎక్కువ అందుతుంది. బండే లేనివాడికి బస్సు చార్జీలోనో, కూరగాయల ధరలోనో ఏదో కాస్త తగులుతుంది, అంతే. అభివృద్ధి చెందుతున్న దేశాలపై అంతర్జాతీయ ద్రవ్యనిధి (ఐఎంఎఫ్) ఆర్థికవేత్తలు లెక్కగట్టినప్పుడు, ఇంధన సబ్సిడీల్లో పై 20 శాతం కుటుంబాలకు అందేది కింది 20 శాతానికి అందేదానికి సుమారు 6 రెట్లు అని తేలింది. పేదవాడి పేరు మీద ఇచ్చే సబ్సిడీ ఇలా ఉంటుంది.

ఇక రెండోది దొంగ రవాణా. నైజీరియాలో పెట్రోలు చౌకగా ఉన్నన్నాళ్లూ పక్కనున్న బెనిన్‌లో రోడ్డు పక్కన బల్లలేసి గాజు సీసాల్లో, పెద్ద పెద్ద గాజు జాడీల్లో పోసి అమ్మేవాళ్లు. సిగరెట్టు ముట్టించిన మనిషి పక్కన నిలబడితే చాలు, వీధి మొత్తం ప్రమాదంలో పడ్డట్టే. ఆ సరుకంతా నైజీరియా ఖజానా డబ్బుతో చౌకయినదే. ఒక దేశం అప్పు చేసి పక్క దేశాల బళ్లు నడిపింది.

అంటే సబ్సిడీ తీసేయాల్సిందే. ఎలా తీయాలన్నదే ప్రశ్న. 2005 అక్టోబరులో ఇండోనేషియా (1998లో కాలిన దేశమే) ధరల్ని సగటున రెట్టింపుకు పైగా పెంచింది. కిరోసిన్ అయితే 700 రూపియాల నుంచి 2000 అయింది. ఈసారి ప్రభుత్వం పడిపోలేదు. ఎందుకంటే ధర పెంపుతో పాటే కోటిన్నరకు పైగా పేద కుటుంబాలకు మూడు నెలలకు 3 లక్షల రూపియాల చొప్పున నగదు ఇవ్వడం మొదలుపెట్టారు. జాబితాల్లో తప్పులు దొర్లాయి, పోస్టాఫీసుల దగ్గర తోపులాటలు జరిగాయి. అయినా పని గట్టెక్కింది.

ఇరాన్ అంతకన్నా తెలివిగా చేసింది. 2010 డిసెంబరులో పెట్రోలు కోటా ధరను 1000 రియాళ్ల నుంచి 4000 చేశారు. దానికి ముందే మనిషికి నెలకు 4,55,000 రియాళ్ల లెక్కన కుటుంబాల బ్యాంకు ఖాతాల్లో జమ చేశారు. అయితే ఆ డబ్బు కనిపిస్తుంది, తీసుకోవడానికి మాత్రం రాదు. ధర పెరిగిన రోజున తాళం తీశారు. జనం తమ ఖాతాలో అంకె చూసుకుంటూ ఆ రోజు కోసం ఎదురుచూశారు. ఏ ఆర్థికమంత్రికైనా నేర్చుకోవాల్సిన పాఠం అది.

చేదునిజం:
ఆ పాఠం తర్వాతి పేజీ చదవలేదా? ఆ 4,55,000 రియాళ్లు 2010లో 45 డాలర్ల దాకా ఉండేవి. అంకె మార్చలేదు, రియాల్ విలువ పడిపోయింది. 2019 నాటికి బయటి మార్కెట్ రేటు ప్రకారం అందులో పదో వంతు దగ్గరకు వచ్చింది. అదే ఏడాది నవంబరులో అర్ధరాత్రి మళ్లీ ధర పెంచారు. నెలకు 60 లీటర్ల దాకా లీటరు 15,000 రియాళ్లు, ఆపైన 30,000. దేశమంతా మంటలు, ఇంటర్నెట్ బంద్. పెంచిన ధర శాశ్వతం, ఇచ్చిన నగదు కరిగిపోయేది. పేదవాడితో బేరం ఎప్పుడూ ఇలాగే తెగుతుంది.

పద్దుపుస్తకం:
చేదునిజం గారూ, మీరు నా కేసే బలపరుస్తున్నారు. 2010లో డబ్బు ముందు, ధర తర్వాత. 2019లో అర్ధరాత్రి ధర, జనం రోడ్డెక్కాక డబ్బు. అదే దేశం, అదే పెట్రోలు, వరుస మారింది. నగదు కరిగిపోయిందన్నది నిజమే. దానికి మందు ఉంది, ధరలు పెరిగితే నగదూ పెరిగేలా దాన్ని ధరల సూచీకి ముడిపెట్టి చట్టంలో రాయడం. అది చేయకపోవడం ఇరాన్ తప్పు, పద్ధతి తప్పు కాదు.

నైజీరియా సంగతి కూడా చూడండి. 2023 మే 29న ప్రమాణ స్వీకారం రోజునే కొత్త అధ్యక్షుడు టినుబు సబ్సిడీ పోయిందని ప్రకటించాడు. 200 నైరాల లోపున్న లీటరు కొద్ది రోజుల్లోనే 500 దగ్గరకు పోయింది. పేదలకు నెలకు 8000 నైరాలు ఇస్తామన్న మాట జులైలో వచ్చింది. అది విమర్శలకు తట్టుకోలేక మళ్లీ సమీక్షకు పోయింది. నిర్ణయం సరైనదే, కానీ జనం చేతికి చిల్లిగవ్వ రాకముందే బిల్లు వచ్చింది.

లోడుబండి:
మీరంతా కారు ట్యాంకు గురించి మాట్లాడుతున్నారు. నేను సరుకు రవాణాలో ఉన్నాను. మాకు ధర ఎక్కువ తక్కువలకన్నా టెన్షన్ పెట్టేది ఊగిసలాట. ఈ రోజు కిరాయి మాట్లాడుకుంటాం, లోడు దింపేసరికి డీజిల్ పెరిగి ఉంటుంది. పెద్ద కంపెనీలతో ఒప్పందంలో డీజిల్ క్లాజు రాయించుకోవచ్చు, ధర ఇంత శాతం మారితే కిరాయి ఇంత మారుతుందని. ఒకటి రెండు బళ్లున్నవాడికి ఆ క్లాజు ఎవడిస్తాడు? బ్రోకరు చెప్పిందే రేటు. పోనీ పేదల జాబితాలో చేరి నగదు తీసుకుందామా అంటే, బండి ఉందిగా, పేరు రాదు. బండి మాది కాదు, ఫైనాన్సు వాళ్లది.

మరో మాట. క్రూడ్ పెరిగితే మర్నాడే బంకులో బోర్డు మారుతుంది. తగ్గితే మాత్రం వారాలు పడుతుంది. ఆర్థికవేత్తలు దీనికి ‘రాకెట్లు, ఈకలు’ అని పేరే పెట్టారు. బాటసారి గారి మార్కెట్‌కు ఈ జబ్బుంది.

బాటసారి:
ఈ జబ్బుకు మందు పోటీ. ధరలు ఎక్కడెక్కడ ఎంతో అందరికీ కనిపించేలా పెడితే తగ్గుతుంది. ప్రభుత్వం ధర రాసిస్తే తగ్గదు.

చేదునిజం:
నియంత్రణ ఎత్తేశాక ఖజానా ఊరుకుంటుందా? భారత్‌లో పెట్రోలును 2010లో, డీజిల్‌ను 2014లో మార్కెట్‌కు వదిలారు. సరిగ్గా అప్పుడే క్రూడ్ పడిపోయింది. 2014 నవంబరు నుంచి 2016 జనవరి దాకా ఎక్సైజ్ సుంకం 9 సార్లు పెంచారు. పెరిగితే జనానిది, తగ్గితే ప్రభుత్వానిది. దీన్ని మార్కెట్ అంటారా?

పద్దుపుస్తకం:
ఇక్కడ పన్ను ఎంత అన్నదానికన్నా, ఏ రకం అన్నది ముఖ్యం. దీన్ని ఎవరూ పట్టించుకోరు, అందుకే కాస్త ఆగి చెబుతాను.

పన్ను లీటరుకు ఇంత అని ఉండొచ్చు, లేదా ధరలో ఇంత శాతం అని ఉండొచ్చు. శాతం అయితే క్రూడ్ పెరిగినప్పుడల్లా పన్నూ పెరుగుతుంది. జనం కుంగిపోతున్న వేళ ఖజానాకు పండగ. లీటరుకు ఇంత అని ఉంటే అది కదలదు. లోడుబండి గారి టెన్షన్‌కు ఇక్కడే కొంత ఉపశమనం ఉంది. లెక్క చూడండి. లీటరు 100 అనుకుందాం, అందులో సరుకు 40, కదలని పన్ను 60. సరుకు రెట్టింపైతే లీటరు 140 అవుతుంది, పెంపు 40 శాతం. అదే పన్ను 10, సరుకు 90 ఉన్నచోట సరుకు రెట్టింపైతే 190 అవుతుంది, పెంపు 90 శాతం. యూరప్‌లో పన్ను బరువు ఎక్కువ కాబట్టి ప్రపంచ మార్కెట్ కుదుపు శాతంలో తక్కువగా కనిపిస్తుంది. అమెరికాలో కేంద్ర పన్ను గ్యాలనుకు 18.4 సెంట్లే, 1993 నుంచి మారలేదు. అందుకే అక్కడ బంకు బోర్డు అంతలా ఎగిరిపడుతుంది, దానితోపాటు ఎన్నికలూ.

నార్వే చమురు అమ్ముకునే దేశం. కావాలంటే తన జనానికి చౌకగా పోయగలదు. కానీ గట్టి పన్ను వేసి, చమురు ఆదాయాన్ని భవిష్యత్తు నిధిలో దాచింది. వెనిజువెలా దశాబ్దాల పాటు మంచినీళ్లకన్నా చౌకగా పోసింది, సరుకు సరిహద్దు దాటి కొలంబియాకు పోయింది.

చేదునిజం:
పన్ను వేసి తిరిగిస్తే జనం ఒప్పుకుంటారన్న భ్రమ కూడా వద్దు. ఫ్రాన్సు 2018లో పెంచిన పన్నును తిరిగివ్వలేదు, పసుపు చొక్కాలు వేసుకున్న ఆందోళనకారులు నవంబరు 17న రోడ్డెక్కారు, డిసెంబరులో తర్వాతి పెంపు రద్దు. సరే, అది మీ వరుస తప్పినట్టే అనుకుందాం. కెనడా తిరిగిచ్చింది కదా? ఇంధనం కాల్చడం మీద వేసే కార్బన్ పన్నులో ఎక్కువ భాగం కుటుంబాలకే పంచింది. అయినా 2025 ఏప్రిల్ 1న వినియోగదారుల మీద ఆ పన్ను ఎత్తేయాల్సి వచ్చింది.

పద్దుపుస్తకం:
కెనడా నా వాదనకు నిజంగా ఇబ్బందే. దాటేయను. బంకు బోర్డు రోజూ కనిపిస్తుంది. తిరిగొచ్చే డబ్బు 2022 దాకా ఏడాదికోసారి ఆదాయపన్ను లెక్కలో కలిసిపోయి వచ్చేది. తర్వాత మూడు నెలలకోసారి ఖాతాలో పడినా చాలామందికి అది దేనికో తెలియలేదు. ఇరాన్ పల్లెలో మనిషికి కనిపించిన అంకె కెనడా నగరంలో కనిపించలేదు. కాబట్టి ముందివ్వడమే చాలదు, నెలనెలా, ఇది ఫలానా దానికి అని తెలిసేలా ఇవ్వాలి. అలా చేసినా రాజకీయంగా నిలుస్తుందని హామీ ఇవ్వలేను.

లోడుబండి:
జర్మనీ 2022 జూన్ నుంచి ఆగస్టు దాకా పెట్రోలు, డీజిల్ మీద పన్ను తగ్గించింది. 300 కోట్ల యూరోల ఖర్చు. అదే మూడు నెలలు నెలకు 9 యూరోలకే బస్సులు, లోకల్ రైళ్లు ఎక్కే టికెట్ కూడా పెట్టింది. 5 కోట్లకు పైగా టికెట్లు అమ్ముడయ్యాయి. పన్ను తగ్గింపు గురించి ఇప్పుడు ఎవరూ మాట్లాడరు, టికెట్ మాత్రం రేటు మారినా వేరే పేరుతో నడుస్తోంది. బండి లేనివాడికి నేరుగా అందింది అదే కదా? మీ నగదు వాదనలో బస్సులు ఎక్కడా రాలేదు.

అయితే బస్సు నా లోడు మోయదు. చిలీలో ధర వారం వారం కొంతకు మించి కదలకుండా పన్నునే పైకీ కిందికీ సర్దే పద్ధతి 2014లో పెట్టారు. అది పెడితే నాకు చాలు.

పద్దుపుస్తకం:
చిలీ పద్ధతి మంచిదే, షరతు ఒకటుంది. పెరిగినప్పుడు తగ్గించిన పన్నును తగ్గినప్పుడు తిరిగి వసూలు చేసుకోవాలి. 2022లో క్రూడ్ దిగకుండా పైనే కూర్చుంది, ఆ పద్ధతికి ఖజానా పెట్టే ఖర్చు పరిమితిని పలుసార్లు పెంచాల్సి వచ్చింది. కుదుపును ఆపొచ్చు, కొండను ఆపలేం. ఫార్ములాను ముందే ప్రకటించి, మంత్రి చేతికి అందకుండా పెడితే నేను సరేనంటాను.

లోడుబండి:
ఫార్ములా ప్రకటిస్తే దాన్నే చూపించి బ్రోకరుతో కిరాయి మాట్లాడుకుంటాను. ఇప్పుడు వాడు ఫోనులో చెప్పిన రేటు తప్ప నా చేతిలో ఏ కాగితమూ లేదు.