"చైనా పితృస్వామ్యం" వ్యాసం: ఆ 'అంతటా' తీసేస్తే తటస్థత వచ్చేస్తుందా?

పాతగంధం:
విజ్ఞాన సర్వస్వంలో ఈ వ్యాసానికి "తటస్థత లోపించింది" అన్న మూస, అంటే పైన కనబడే హెచ్చరిక పట్టీ, తగిలించింది నేనే. కారణం చెప్పకుండా పోవడం మర్యాద కాదు కాబట్టి చెప్తున్నా. మూడో పేరాలో వాక్యం ఇది: "చైనా అంతటా ఆడపిల్లల పాదాలు విరిచి కట్టేవారు, వేల ఏళ్ళుగా చైనా స్త్రీ బానిసగానే బతికింది." అంతటా అంటే ఎక్కడ? ఉత్తరం నుంచి వచ్చి చైనాని ఏలిన మంచూ జాతి ఆడవాళ్ళు కట్టుకోలేదు. పైగా ఆ మంచూ పాలకులే నిషేధించబోయి, జనం వినకపోతే 1668లో కాంగ్‌షీ చక్రవర్తి కాలంలో వదిలేశారు. దక్షిణ చైనాలోని హక్కా అనే వర్గం ఆడవాళ్ళు పొలం పనులు చేసేవాళ్ళు, వాళ్ళలోనూ ఈ ఆచారం దాదాపు లేదు. ఇక "వేల ఏళ్ళు" సంగతి. పాదాలు కట్టడం బాగా పాకింది సాంగ్ వంశం రోజుల్లో, అంటే సుమారు వెయ్యేళ్ళు. అంతకుముందే వూ జెటియాన్ అనే ఆవిడ 690 నుంచి 705 దాకా చక్రవర్తిగా ఏలింది. చక్రవర్తి భార్యగా కాదు, చక్రవర్తిగానే. ఆవిడ పేరు వ్యాసంలో ఒక్కచోట కూడా లేదు.

మిర్చియార్డు:
వ్యాసం రాసింది నేను. మూస తగిలించడానికి రెండు నిమిషాలు పడుతుంది సార్, ఇంగ్లీషులోంచి ఇదంతా తెలుగు చేయడానికి నాకు మూడు రాత్రులు పట్టింది. తప్పుంటే దిద్దండి, దిద్దుబాటు బొత్తాం అందరికీ ఉంది. 'అంతటా' అని అక్కడున్నదే రాశా, సొంతంగా కల్పించలేదు.

కాలక్షేపం:
పద్నాలుగు పేరాలు వదిలేసి ఒక్క 'అంతటా' పట్టుకున్నారు. కానివ్వండి, టీ తెచ్చుకుని వస్తా.

హుబే డాక్టర్:
నేను చైనాలో హుబే రాష్ట్రంలో ఎంబీబీఎస్ చదివా, ఐదేళ్ళున్నా. "నేటికీ చైనా స్త్రీ ఇంటికే పరిమితం" అన్న వాక్యం చదివి నవ్వొచ్చింది. మాకు అనాటమీ చెప్పింది మేడమ్, హాస్టల్ వార్డెన్ మేడమ్, బస్సు నడిపేది కూడా ఇంకొకావిడే. సాయంత్రం అనాటమీ మేడమ్ భర్త స్టీలు ఫ్లాస్కు పట్టుకుని గేటు దగ్గర నిలబడేవాడు, ఆవిడ రాగానే బ్యాగు తీసుకుని తన భుజానికి తగిలించుకునేవాడు. పెళ్ళయినా వాళ్ళ ఇంటిపేరు మారదు. మన దగ్గర మా అక్క ఆధార్‌లో ఇంటిపేరు మార్చడానికి నాలుగుసార్లు తిరిగింది.

ఇంకోటి, ఎవరూ చూడలేదనుకుంటా. ఏడో పేరాలో "చైనాలో కట్నం సమస్య తీవ్రం" అని ఉంది. అది కట్నం కాదు. అక్కడ మగపెళ్ళివాళ్ళే ఆడపిల్లవాళ్ళకి డబ్బు ఇస్తారు, ట్సైలి అంటారు. నా క్లాస్‌మేట్ అన్నకి అది కట్టలేకనే సంబంధం తప్పిపోయింది. మన పేరా చదివినవాడికి సరిగ్గా తలకిందులుగా అర్థమవుతుంది.

సుభద్ర:
దానికి తెలుగులో మాట ఉంది నాయనా, ఓలి. మా అమ్మమ్మ కాలంలో వాడేవాళ్ళు. కట్నం కొట్టేసి ఓలి అని పెట్టండి.

నీ అనాటమీ మేడమ్ సంగతి సంతోషమే. సంచి మోసే మొగుడు మా వీధిలోనూ ఉన్నాడు. అతన్ని చూపించి మా వీధిలో పితృస్వామ్యం లేదని రాస్తామా? 2022లో చైనా కమ్యూనిస్టు పార్టీని నడిపే పొలిట్‌బ్యూరోకి 24 మందిని ఎన్నుకుంటే అందులో ఒక్క ఆడమనిషి లేదు. దానిపైన ఉండే స్థాయీ సంఘంలో అయితే ఇప్పటిదాకా ఒక్కర్తి కూడా కూచోలేదు. 2004లో 100 మంది ఆడపిల్లలకి 121 మంది మగపిల్లలు పుట్టారు, 2020 జనగణన నాటికీ అది 111 దగ్గరే ఉంది. ఇంటికి ఒక్క బిడ్డే అన్న నిబంధన ఉన్న రోజుల్లో, పల్లెల్లో చాలాచోట్ల 1984 తర్వాత ఏం చేశారో తెలుసా? మొదట ఆడపిల్ల పుడితేనే రెండో కాన్పుకు ఒప్పుకున్నారు. ఆడపిల్ల పుట్టినా ఇంకా పిల్లలు లేనట్టే అని సర్కారే లెక్కగట్టింది. వ్యాసంలో ఇది లేదు. పాదాల మీద మాత్రం మూడు పేరాలున్నాయి.

కృష్ణవేణి_ఖమ్మం:
శీర్షిక కూడా మార్చాలి. "చైనా పితృస్వామ్యం" అంటే చైనా పట్టులాగా వాళ్ళ సరుకేదో అన్నట్టుంది. "చైనాలో పితృస్వామ్యం" అనాలి.

పాతగంధం:
సుభద్ర గారు చెప్పిన అంకెలన్నీ పెట్టాల్సిందే, నాకు అభ్యంతరం లేదు. కానీ 'అంతటా' సంగతి ఎవరూ తేల్చలేదు.

ఇంకా చెప్పాలంటే ఈ వ్యాసంలో నేరమంతా కన్ఫ్యూషియస్ నెత్తిన రుద్దారు. ఆడవాళ్ళు ఎలా నడుచుకోవాలో పాఠాలు రాసిన బాన్ జావో స్వయానా స్త్రీ, హాన్ వంశ చరిత్రని అన్న వదిలేసి చనిపోతే పూర్తి చేసిన పండితురాలు. అణకువ గురించి రాస్తూనే ఆడపిల్లలకీ చదువు చెప్పాలని అడిగింది. ఇది ఏ పెట్టెలో పెడతారు? ఇక పాదాల ఆచారం ఎలా పోయిందయ్యా అంటే, మన వ్యాసం ప్రకారం తెల్లదొరసానులు వచ్చి రక్షించారు. వాళ్ళూ పనిచేశారు, కాదనను. కానీ కాంగ్ యూవెయ్ అనే చైనా సంస్కర్త 1883లోనే దక్షిణాన గ్వాంగ్‌డాంగ్‌లో దీనికి వ్యతిరేకంగా సంఘం పెట్టాడు. కట్టిన పాదాలు విప్పేసుకుని విప్లవంలో దిగిన చియూ జిన్ అనే ఆవిడకి 1907లో తల నరికారు. 1912లో కొత్త గణతంత్రం నిషేధించింది. 1950 వివాహ చట్టం ఉంపుడుగత్తెల్ని ఉంచుకోవడం, బలవంతపు పెళ్ళిళ్ళు రద్దు చేసింది. పద్నాలుగు పేరాల్లో ఒక్క చైనా మనిషి కూడా పోరాడినట్టు లేదు, అందరూ బాధపడుతూ కూచున్నారు.

కాబట్టి నా ప్రతిపాదన: ప్రతి విమర్శ పక్కనా "మరోవైపు" అని ఒక వాక్యం ఉండాలి. అదే తటస్థత.

మోహన్_విశాఖ:
నైరుతి చైనాలో తల్లి వైపు నుంచే వంశం లెక్కగట్టే మోసువో వాళ్ళని మర్చిపోయారు. లూగూ సరస్సు దగ్గర ఇల్లు ఆడవాళ్ళదే.

సుభద్ర:
పాతగంధం గారూ, చియూ జిన్ గురించి మీరు రాసింది చదివి బాగుందనుకున్నా. చివరికొచ్చేసరికి ఆ "మరోవైపు" చూశాక ఇక ఆగలేకపోతున్నా.

నా పెళ్ళి 1983లో అయింది. మన రాష్ట్రంలో కూతుళ్ళకి కొడుకులతో సమానంగా వాటా అన్నది 1985 సెప్టెంబరు నుంచి, అదీ అప్పటికి పెళ్ళికాని వాళ్ళకే. నాకు పనికిరాలేదు, మా చెల్లెలికి పనికొచ్చింది. ఒకే తల్లి కడుపున పుట్టాం. 1998లో పంపకాలప్పుడు అడిగితే పెద్దమనిషి అరుగు మీద కూచుని ఏమన్నాడో తెలుసా? "నీ బాధ నిజమే తల్లీ, మరోవైపు నీ తమ్ముళ్ళు కూడా అప్పుల్లో ఉన్నారు కదా, రెండువైపులా చూడాలి." రెండువైపులా చూశారు, తమ్ముళ్ళకి చెరి నాలుగెకరాలు, నాకు చీర. పెళ్ళయిన కూతుళ్ళకీ వాటా వచ్చేలా 2005లో కేంద్రం చట్టం మార్చేసరికి రిజిస్ట్రేషన్లన్నీ అయిపోయాయి.

చైనా పల్లెల్లోనూ ఇదే కథ. పెళ్ళై వేరే ఊరు వెళ్ళిన కూతుర్ని పుట్టినూరు లెక్కలోంచి తీసేస్తారు, అత్తవారి ఊళ్ళో కొత్తగా భూమి ఇవ్వరు. అక్కడ భూమి దొరికేదాకా ఇక్కడిది లాక్కోకూడదని 2002 చట్టంలో రాశారు. రాసినా ఊరి కమిటీలు చాలాచోట్ల ఇవ్వలేదు. దీని పక్కన మీరు పెట్టబోయే "మరోవైపు" ఏంటండీ? లూగూ సరస్సా?

మిర్చియార్డు:
మేడమ్, ఇది చైనా వ్యాసం, మీ ఊరి పంచాయితీ కాదు. సొంత అనుభవాలు మూలాలుగా చెల్లవని నియమం ఉంది.

సుభద్ర:
మూలంగా పెట్టమని నేనన్నానా? ఎందుకు మండిందో చెప్పా.

పాతగంధం:
మంట నాకూ ఉంది. మన వరకట్న చావుల వ్యాసం చూశారా? రెండు పేరాలు. చైనా ఆడవాళ్ళ కష్టాలకి మాత్రం పద్నాలుగు. పక్కింటివాడి చెత్త మీద ఉన్న శ్రద్ధ మనింటి చెత్త మీద లేదు.

మిర్చియార్డు:
వచ్చిందండీ అసలు విషయం. 'అంతటా' కాదు, చైనాని ఏమీ అనకూడదు. పార్టీ ఆఫీసులో కూచుని రాస్తున్నారా?

పాతగంధం:
మా నాన్న దగ్గర రంగు బొమ్మల చైనా పత్రికలు కొన్ని ఉండేవి. 1962లో చైనాతో యుద్ధం వచ్చినప్పుడు పోలీసులు ఇల్లంతా వెతికి అవి పట్టుకెళ్ళారు. నేను మూడో తరగతి. బళ్ళో నన్ను "చైనావోడు" అనేవాళ్ళు, హైస్కూలు దాటేదాకా పోలేదు ఆ పేరు. అందుకని ఎవరైనా "చైనావాళ్ళంతా", "చైనా అంతటా" అని రాస్తే నాకు చెయ్యి ఆగదు. పార్టీ ఆఫీసు మెట్లెక్కి నలభై ఏళ్ళయింది బాబూ.

హుబే డాక్టర్:
సార్, మమ్మల్ని 2020లో కరోనా అప్పుడు ఊరికి రాగానే అలాగే అన్నారు. వీధిలో కిటికీలు మూసుకున్నారు.

మిర్చియార్డు:
సారీ సార్. ఆ మాట అనకుండా ఉండాల్సింది. కానీ మీరందరూ ఒకటి చూడండి, పొద్దుట్నుంచి ఇంతమంది ఇంత రాశారు, రాసినవాడు కష్టపడ్డాడని ఒక్కరన్నారా? చాలా వ్యాసాలు నాలుగు లైన్లతో పడున్నాయి, వాటికి ఎవరూ మూసలు పెట్టరు. రాసినవాడికే పెడతారు.

సుభద్ర:
కష్టపడ్డావు నాయనా. ముందే అనాల్సింది.

సరే, మూడో పేరా ఇలా మార్చా, చూడండి: "చైనాలో అధిక సంఖ్యాకులైన హాన్ జాతి కుటుంబాల్లో చాలాచోట్ల ఆడపిల్లలకు చిన్నతనంలోనే పాదాలు బిగించి కట్టేవారు. మంచూ స్త్రీలు దీన్ని పాటించలేదు, హక్కా స్త్రీలలో దాదాపు లేదు. పందొమ్మిదో శతాబ్దం చివర్లో చైనా సంస్కర్తలు, విదేశీ మిషనరీలు దీనికి వ్యతిరేకంగా సంఘాలు పెట్టారు. 1912లో నిషేధించారు." బానిస అన్న మాట తీసేశా. పల్లెల్లో నిషేధం తర్వాత కూడా కొన్నాళ్ళు సాగింది, అది రేపు కలుపుతా. మరోవైపు ఎక్కడా పెట్టలేదు. భూమి మీద వేరే విభాగం మొదలుపెట్టా.

మిర్చియార్డు:
బాగుంది మేడమ్. ఏడో పేరాలో కట్నం తీసి ఓలి పెట్టేశా. శీర్షిక కూడా "చైనాలో" అని తరలించా.

పాతగంధం:
మూస నేను ఇప్పుడే తీయను. 'చాలాచోట్ల' అన్నారు. చాలా అంటే ఎన్ని చోట్ల?

కాలక్షేపం:
ఇంకో టీ తెచ్చుకుంటా.