లాక్ ఫోన్ చవగ్గా కొని, బయట అన్‌లాక్ చేయించుకోవడం: లాభమా, తలనొప్పా?

రెండు_సిమ్ముల_రాజు
ఒకే నెట్‌వర్క్‌కి లాక్ చేసి అమ్మిన ఫోన్ (వేరే కంపెనీ సిమ్ వేస్తే పనిచేయనిది) సెకండ్‌హ్యాండ్‌లో, అదే మోడల్ ఓపెన్ ఫోన్ కంటే తక్కువకి దొరుకుతుంది. మిగిలిన డబ్బులో కొంత పెట్టి ఆన్‌లైన్‌లో లాక్ తీసే కోడ్ కొనుక్కుంటే పనైపోతుంది కదా? నెట్‌వర్క్ కంపెనీని అడిగితే అకౌంట్ నంబర్ చెప్పమంటారు, మొదట కొన్నది మీరేనా అంటారు. సెకండ్‌హ్యాండ్‌లో కొన్నవాడి దగ్గర అవెందుకుంటాయి? కాదనేవాళ్లు కారణం చెప్పండి.

సిగ్నల్_శాస్త్రి
రాజు గారూ, మీ లెక్కంతా "కోడ్ కొంటే పనైపోతుంది" అన్న ఒక్క ముక్క మీద నిలబడింది. అసలు అదే అనుమానం.

పాత నోకియా ఫోన్లలో అన్‌లాక్ కోడ్‌ని ఐఎంఈఐ (ప్రతి ఫోన్‌కీ ఉండే ప్రత్యేక నంబర్) నుంచి లెక్కగట్టేవాళ్లు. చిన్న ప్రోగ్రామ్ ఉంటే ఎవరైనా తీసేవారు. ఇప్పుడు శాంసంగ్ లాంటి ఫోన్ల కోడ్‌కి ఐఎంఈఐతో లెక్క సంబంధమేమీ ఉండదు. అది తయారీదారు దగ్గరో నెట్‌వర్క్ కంపెనీ దగ్గరో డేటాబేస్‌లో ఉంటుంది. ఐఫోన్‌కైతే కోడ్ అనేదే లేదు. నెట్‌వర్క్ కంపెనీ చెబితే యాపిల్ తన యాక్టివేషన్ సర్వర్‌లో (ఫోన్ మొదలుపెట్టేటప్పుడు అనుమతిచ్చే కంప్యూటర్) ఆ ఐఎంఈఐ ఎదురుగా లాక్ తీసేస్తుంది, అంతే. కాబట్టి "ఐఫోన్ అన్‌లాక్ కోడ్ పంపిస్తాం" అనే సైట్ కనిపిస్తే అక్కడితో ఆగిపోవచ్చు.

మరి బయట అమ్మేవాళ్లకి ఎక్కడి నుంచి వస్తాయి? కొన్నిసార్లు డేటాబేస్ చూడగలిగే లోపలి మనిషి ద్వారా. అమెరికాలో ఏటీ అండ్ టీ అనే నెట్‌వర్క్ కంపెనీ కాల్ సెంటర్ ఉద్యోగులకు లంచాలిచ్చి, ఆ తర్వాత వాళ్ల కంప్యూటర్లలో మాల్వేర్ కూడా పెట్టించి, దాదాపు 19 లక్షల ఫోన్లు అన్‌లాక్ చేయించిన వ్యక్తికి 2021లో 12 ఏళ్ల జైలు పడింది. బయటి అన్‌లాక్‌లన్నీ ఇలాంటివే అనను. కానీ ఏది ఎలాంటిదో కొనేవాడికి తెలిసే దారి లేదు.

రెండు_సిమ్ముల_రాజు
అంటే అన్‌లాక్ చేసుకోవడమే నేరమన్నట్టు మాట్లాడుతున్నారు. బ్రిటన్‌లో 2021 డిసెంబర్ నుంచి లాక్ చేసిన ఫోన్ అమ్మడానికే వీల్లేదు. కెనడాలో 2017 డిసెంబర్ నుంచి అడిగితే ఉచితంగా తీసివ్వాలి. అమెరికాలోనూ 2014లో చట్టం వచ్చింది. డబ్బు మొత్తం కట్టేసిన వస్తువు మీద వాళ్ల తాళం ఎందుకుండాలి?

సిగ్నల్_శాస్త్రి
ఉండకూడదనే నేనూ అంటాను. అందులో మన మధ్య గొడవే లేదు. కానీ అమెరికా 2014 చట్టాన్ని మీరు కాస్త ఎక్కువగా చదువుకున్నారు. ఫోన్ సొంతదారు, లేదా ఆయన అనుమతించినవాళ్లు అన్‌లాక్ చేస్తే కాపీరైట్ ఉల్లంఘన కాదని అది చెప్పింది. కంపెనీ మీకు అన్‌లాక్ చేసి తీరాలని చెప్పలేదు. హక్కు ఉంది సరే, తాళంచెవి ఇంకా వాళ్ల దగ్గరే ఉంది.

బోర్డు_లెవెల్
ఇద్దరూ చట్టాల దగ్గరే ఉన్నారు. ఫోన్ దగ్గరికి రండి.

కొనేముందు *#06# కొట్టి 15 అంకెల ఐఎంఈఐ చూడండి. సిమ్ ట్రే మీదో, పెట్టె మీదో ఉన్న నంబర్‌తో అది కలవాలి. కలవకపోతే బోర్డు మారిందో, ట్రే మారిందో. ఐఫోన్‌లో సెట్టింగ్స్, జనరల్, అబౌట్‌లోకి వెళ్లి క్యారియర్ లాక్ అన్న వరస చూడాలి. "నో సిమ్ రిస్ట్రిక్షన్స్" అని ఉంటేనే ఓపెన్. ఆండ్రాయిడ్‌లో వేరే నెట్‌వర్క్ సిమ్ వేసి రీస్టార్ట్ చేస్తే సరి, లాక్ ఉంటే నెట్‌వర్క్ అన్‌లాక్ పిన్ (అదే కోడ్) అడిగే పెట్టె తెర మీద వస్తుంది. ఆ పెట్టెలో సరదాకి కూడా అంకెలు కొట్టొద్దు. తప్పు కోడ్‌లకి పరిమితి ఉంటుంది. అది దాటితే శాంసంగ్‌లో ఫోన్ ఫ్రీజ్ అవుతుంది, అప్పుడు అసలు కోడ్ పెట్టినా తీసుకోదు. ముందు అన్‌ఫ్రీజ్ కోడ్ అనే మరొకటి కావాలి. సెకండ్‌హ్యాండ్ ఫోన్‌లో పాత ఓనర్ ఎన్నిసార్లు ప్రయత్నించాడో మీకు తెలియదు, రాజు గారూ. మీ లెక్కలో అది లేదు.

ఇంకొకటి. కొన్ని ఆండ్రాయిడ్ ఫోన్లలో పిన్ అడిగే పెట్టె రాదు. కనెక్షన్ సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ అన్‌లాక్ అనే మెనూ ఉంటుంది, నొక్కితే నేరుగా కంపెనీ సర్వర్‌ని అడుగుతుంది. అక్కడ కోడ్ కొన్నా పెట్టే చోటే లేదు.

రెండు_సిమ్ముల_రాజు
అయితే ఆర్‌సిమ్ లాంటి చిప్? సిమ్ కింద పెడితే ఏ నెట్‌వర్క్ అయినా పట్టుకుంటుందిగా. ఎవరి అనుమతీ అక్కర్లేదు.

బోర్డు_లెవెల్
పట్టుకుంటుంది, పట్టుకున్నంత కాలం. కాగితం మందాన, బంగారు రంగు కాంటాక్టులతో ఉండే ముక్క అది. సిమ్‌కీ ఫోన్‌కీ మధ్య కూర్చుని, లాక్ అనుమతించే సిమ్మే ఉందని ఫోన్‌ని నమ్మిస్తుంది. లాక్ మాత్రం తీయదు. యాక్టివేషన్‌లో ఏదో కంత దొరికినన్నాళ్లు నడుస్తుంది, యాపిల్ దాన్ని మూసేశాక ఫోన్ రీసెట్ చేస్తే మళ్లీ "సిమ్ నాట్ సపోర్టెడ్". పైగా మందం పెరగడంతో ట్రే ఇరుక్కుంటుంది, బలంగా లాగితే లోపలి పిన్నులు వంగుతాయి. ఈసిమ్‌కి (ఫోన్‌లోనే ఇమిడి ఉండే సిమ్) ఇది ఎలాగూ పనిచేయదు. అమెరికాలో అమ్మే ఐఫోన్ 14కి సిమ్ ట్రేనే లేదు, ఇక చిప్ ఎక్కడ పెడతారు?

ఇలాంటి ఫోన్‌ని "అన్‌లాక్డ్" అని అమ్మేవాళ్లున్నారు. ట్రే బయటికి లాగి, సిమ్ ఎత్తి కింద చూడండి.

వోల్టే_వనజ
అన్‌లాక్ అయ్యాక వచ్చే చిక్కులు ఎవరూ ఎత్తలేదు. సిమ్ పనిచేస్తుంది, డేటా వస్తుంది, కాల్ మాత్రం పోదు. 3జీ తీసేసిన నెట్‌వర్క్‌లలో కాల్స్ వోల్టే (4జీ మీద మాట్లాడే పద్ధతి) మీదే వెళ్లాలి. కొన్ని కంపెనీలు తమ జాబితాలో ఉన్న మోడల్స్‌కే వోల్టే ఇస్తాయి. లాక్‌కీ దీనికీ సంబంధం లేదు. అందుకే కొత్త నెట్‌వర్క్ సైట్‌లో ఐఎంఈఐ ఇచ్చి కంపాటిబిలిటీ ముందే చూసుకోవాలి. మోడల్ నంబర్ పూర్తిగా చూసి, బ్యాండ్లు (ఫోన్ పట్టుకోగల సిగ్నల్ తరంగాల శ్రేణులు) కూడా పోల్చుకోండి. ఒకే పేరుతో అమ్మే ఫోన్‌కి దేశాన్ని బట్టి బ్యాండ్లు మారతాయి. డేటా రాకపోతే మాత్రం భయపడక్కర్లేదు, చాలాసార్లు ఏపీఎన్ (నెట్‌వర్క్ ఇంటర్నెట్‌కి కలిపే సెట్టింగ్) పాతదే ఉండిపోతుంది.

ఇక బ్లాక్‌లిస్ట్, అంటే నెట్‌వర్క్ కంపెనీలు ఆపేసే ఐఎంఈఐల జాబితా. పోయిందని ఫిర్యాదు ఉన్న ఫోన్‌కి, చాలాచోట్ల వాయిదాలు ఎగ్గొట్టిన ఫోన్‌కి కూడా, అన్‌లాక్ అయినా సిగ్నల్ రాదు. ఐఎంఈఐ మార్చేస్తామనేవాళ్ల జోలికి పోవద్దు, చాలా దేశాల్లో అది సూటిగా నేరం.

రెండు_సిమ్ముల_రాజు
సరే, చిప్ మాట వదిలేస్తాను. కోడ్ విషయంలో మాత్రం పూర్తిగా ఒప్పుకోను. పాత ఓనర్ పలకడు, కంపెనీ పలకదు, ఫోన్ ఇప్పటికే చేతిలో ఉంది. అలాంటివాడు ఏం చెయ్యాలి? డ్రాయర్‌లో పడేయాలా?

సిగ్నల్_శాస్త్రి
పిన్ అడిగే పెట్టె వచ్చే ఆండ్రాయిడ్ అయితే, కోడ్ పనిచేయకపోతే డబ్బు వెనక్కిచ్చే చోట కొనండి, అదీ కార్డు మీద. లాగిన్, పాస్‌వర్డ్, ఐక్లౌడ్ వివరాలు అడిగితే ఇవ్వకండి. ఐఎంఈఐ, మోడల్, నెట్‌వర్క్ పేరు తప్ప వాళ్లకి ఇంకేమీ అక్కర్లేదు. ఇంకా కొననివాళ్లకైతే నా మాట ఇదే. అమ్మేవాడి పేరు మీదే అకౌంట్ ఉంటే, ఆయన చేత కంపెనీకి అభ్యర్థన పెట్టించి, మీ సిమ్ వేసి కాల్ కలిశాకే డబ్బివ్వండి.