రాప్సొడీ ఇన్ బ్లూ మొదట్లో వచ్చే ఆ జారుడు ఏంటండీ?

ప్రశ్న: అమెరికన్ స్వరకర్త గెర్ష్విన్ రాసిన ఈ రాప్సొడీ నిన్న రాత్రి మొదటిసారి విన్నాను. మొదట్లోనే క్లారినెట్ కింది నుంచి పైకి, ఏడుపో నవ్వో తెలియకుండా జారుకుంటూ వెళ్తుంది కదా, అలాగే రాశారా? ఇంతకీ ఇది జాజా, క్లాసికలా?

జవాబు: రాసింది విడివిడి స్వరాలేనండి. రిహార్సల్‌లో క్లారినెట్ వాయించే రాస్ గోర్మన్ సరదాగా జార్చి వాయిస్తే గెర్ష్విన్‌కి తెగ నచ్చేసి అలాగే ఉంచమన్నాడు. గమకాలు విన్న చెవులకి వెంటనే పట్టేస్తుంది.

ఇంకో జవాబు: జాజూ, క్లాసికలూ రెండూనండి. 1924 ఫిబ్రవరి 12న న్యూయార్క్ ఏయోలియన్ హాల్‌లో పాల్ వైట్‌మన్ జాజ్ బ్యాండ్‌తో మొదట వాయించారు, పియానో గెర్ష్విన్‌దే. బ్యాండ్‌లో ఏ వాద్యం ఏం వాయించాలో కూర్చింది ఫెర్డీ గ్రోఫే, ఇప్పుడు ఎక్కువగా వినిపించే పెద్ద ఆర్కెస్ట్రా రూపం కూడా ఆయనదే, 1942ది. నాకు మాత్రం ఆ పాత బ్యాండ్ రూపమే ప్రాణం, దొరికితే అదే వినండి.

ప్రశ్న అడిగినవారు: థాంక్సండీ, ఈ రాత్రికే వింటా.